ఇసుక లేని రెక్కలు

"మూడింటికి మా అమ్మాయి ఎగురుతుంది వదినగారూ. ఇప్పుడు పన్నెండున్నర. ఈలోపు మీకేదైనా దొరికితే చెప్పండి. దొరక్కపోతే అబద్ధమైనా చెప్పండి, అది ఆగిపోయేలా."

ఇంజనీరు భార్య ఈ మాట అంటూనే పొడుగాటి సూదిలోకి మైనం పూసిన దారం ఎక్కిస్తోంది. కుట్టడానికి ఆ షెడ్డులో ఇప్పుడేమీ లేదు. అయినా ఎక్కిస్తోంది, తీస్తోంది, మళ్ళీ ఎక్కిస్తోంది.

నేను రంగుడబ్బా బోర్లించి దాని మీద కూర్చున్నాను. అక్కడున్నది ఒకటే కుర్చీ. అది పోయినాయన కుర్చీ. దాంట్లో ఎవరూ కూర్చోవడం లేదు. నా మోకాళ్ళు ఆ కుర్చీకేసి చూస్తున్నాయి గానీ నేను లొంగలేదు.

విమాన ప్రమాదాల విచారణలో పనిచేసి రిటైరైన నన్ను ఈమె పిలిపించుకుంది. నాలుగు రోజులుగా తిరిగితే నాకు తెలిసింది ఇంతే. ఈమె భర్త ఆరేళ్ళు కూర్చుని ఒక బుల్లి విమానం తయారుచేశాడు. ఒక్క మనిషి పట్టేది. పెట్టెలో విడి భాగాలుగా వస్తుంది. అల్యూమినియం గొట్టాలు, బోల్టులు, బట్ట, చిన్న ఇంజను. కొన్నవాళ్ళే ఇంటి దగ్గర బిగించుకోవాలి. నమూనాకి రెండు బిగించారు. మొదటిది ముప్ఫైసార్లు ఎగిరి దిగింది. ముప్ఫై ఒకటోసారి, తొమ్మిది రోజుల కిందట, పొద్దున ఏడూ పదికి లేచింది. ఏడూ పంతొమ్మిదికి, దిగడానికి మలుపు తిరుగుతుంటే ఎడమ రెక్క పుస్తకం మూసినట్టు పైకి ముడుచుకుంది. నడుపుతున్నది ఇంజనీరే.

విచారణ ఆఫీసరు వారంలో తేల్చేశాడు. మలుపు మరీ ఒరిగించి తిప్పాడు, తప్పు నడిపినవాడిది, విమానానిది కాదు. విమానానిది కాదు గనక రెండో నమూనా ఎగరడానికి అభ్యంతరం లేదు. అందుకే ఇవాళ మూడింటికి కూతురు దాన్ని ఎగరేస్తోంది.

"అమ్మాయితో మాట్లాడారా?" అన్నాను.

"ఫోను కట్టేసింది. మొన్న రాత్రి పోట్లాడుకున్నాం. నాన్న లెక్క తప్పు కాదు, నాన్న చెయ్యీ తప్పు కాదు, ఎగిరి చూపిస్తానంటుంది. అయితే రెక్కెందుకు విరిగిందే అంటే జవాబు లేదు."

"మీరేమనుకుంటున్నారు?"

"ఆయన మలుపు తిప్పడం ముప్ఫైసార్లు చూశాను. సంతలో గుడ్లబుట్ట మోసేవాడిలా తిప్పుతాడు." సూది బల్ల మీద పెట్టింది. "ఆ రోజు వెళ్తూ, కాఫీ మీద మూత పెట్టు, వచ్చి తాగుతానన్నాడు. తొందరలో ఉన్న మనిషి మాట కాదది."

వెళ్ళేవాళ్ళందరూ ఇలాంటి చిన్న మాటే వదిలి వెళ్తారు. ఉన్నవాళ్ళు దాన్ని పట్టుకుని ఏళ్ళ తరబడి తిప్పి తిప్పి చూసుకుంటారు. ఈ వృత్తిలో నేను పోగుచేసుకున్నవన్నీ అలాంటి మాటలే.

"రెక్కల బట్ట మీరే కుట్టారు కదా. కుట్టు తెగిందా?"

ఆమెకి కోపం వచ్చింది. మంచిదే. తొమ్మిది రోజుల్లో మొదటిసారి ముఖంలో రంగు కనపడింది. "రండి, చూపిస్తాను" అంది.

షెడ్డు వెనక భాగంలో టార్పాలిన్ కింద పడుకోబెట్టి ఉంది పడిపోయిన విమానం. ఆమె టార్పాలిన్ ఒక్క లాగుతో తీసింది, దుప్పటి తీసి నిద్ర లేపినట్టు. ఎడమ రెక్క మధ్యలో ముందు గొట్టం చీలి ఉంది. బట్ట చిరిగింది, కానీ ఎక్కడా కుట్టు దగ్గర చిరగలేదు. రెండంగుళాలకో ముడి. అన్ని ముళ్ళూ బిగువుగా ఉన్నాయి.

"ఒప్పుకుంటున్నాను" అన్నాను. "ఈ ఇత్తడి రింగులేమిటి? చొక్కా కాజాల్లా ఉన్నాయి."

"నీళ్ళు కారడానికి. రెక్క అడుగున, వెనక అంచు పొడుగునా ఉంటాయి. మంచు పట్టినా వాన కురిసినా లోపలి నీళ్ళు వాటిలోంచి కిందికి పోతాయి."

నేను రెక్క వెనక అంచు పట్టుకుని లేపబోయాను. నా వేళ్ళకి ఏదో గరుకుగా తగిలింది. అక్కడ సన్నటి రేకుని రెండుగా మడిచి గొట్టాల చివర్లు దాంట్లో బిగించారు. ఆ మడతలో పెన్ను మూత పెట్టి గీకాను. కింద పాత పేపరు పరిచి తట్టాను.

ఇసుక. పసుపుపచ్చటి నది ఇసుక. చారెడు రాలింది.

"విమానం పడ్డది ఎక్కడ?"

"నల్లరేగడి చేలో."

కుడి రెక్క దగ్గరికి వెళ్ళి అదే మడత గీకాను, అలాగే తట్టాను. ఒక్క గింజ రాలలేదు.

"దీపావళి టపాసులు ఆరబెట్టుకుంటున్నారా గురువుగారూ, పేపర్లు పరిచారు?"

వెనక్కి తిరక్కుండానే గొంతు గుర్తుపట్టాను. విచారణ ఆఫీసరు. పదకొండేళ్ళ కిందటి దాకా నా దగ్గరే పని నేర్చుకున్నాడు. ఒక కేసులో నేను వద్దన్న రిపోర్టు మీద సంతకం పెట్టి పైకి వెళ్ళిపోయాడు. అప్పట్నించీ ఎక్కడ ఎదురైనా గురువుగారూ అనే అంటాడు, చెప్పులో రాయి వేసినట్టు. వాడి వెనకే మేస్త్రీ వచ్చాడు. మేస్త్రీ అంటే ఇంజనీరు భార్యకి సొంత తమ్ముడు. షెడ్డులో బిగించడం, కొయ్యడం, మొయ్యడం అంతా అతనిదే. మాసిన గడ్డం, ఎర్రటి కళ్ళు.

"ఎడమ రెక్కలో ఇంత ఇసుక ఎలా వచ్చింది నాయనా?" అన్నాను ఆఫీసరుతో.

"ఇదేం ప్రశ్న? ఇక్కడే ఇసుక బస్తాలతో పరీక్ష చేశారు. పనిపుస్తకంలో ఉంది, చదవలేదా? షెడ్డంతా ఇసుకే."

"షెడ్డంతా ఉంటే కుడి రెక్కలో ఎందుకు లేదు?"

"మీరు రోజుకో సంగతి పట్టుకుంటారు. నిన్న బోల్టులన్నారు, మొన్న పెట్రోలన్నారు, ఇవాళ ఇసుక. చారెడు ఇసుక విమానాన్ని పడగొట్టదండీ."

"పడగొట్టిందనలేదు. ఎలా వచ్చిందని అడిగాను."

"మూడింటికి అక్కడ నేనుండాలి. మీ అనుమానం కాగితం మీద రాసివ్వండి, సోమవారం చూస్తాను."

"సోమవారానికి ఆ పిల్ల ఉండాలి కదా."

వాడి నవ్వు పోయింది. "అదే మీతో ఇబ్బంది. ప్రతిదానికీ చావు భయం పెడతారు. ఆ అమ్మాయికి లైసెన్సు ఉంది, అనుమతి ఉంది. తండ్రి విమానం మీద పడ్డ మచ్చ చెరుపుకుంటానంటోంది. మీ భయాలకి అందరూ ఇంట్లో కూర్చోవాలంటే ఎలా?"

"మచ్చ పడ్డది విమానం మీద కాదు. మా ఆయన మీద వేశారు మీరు" అంది ఇంజనీరు భార్య.

ఆఫీసరు ఆమెకేసి చూడలేదు. వాచీ చూసుకున్నాడు. ఒకటీ ఇరవై. "రుజువుంటే ఫోన్ చెయ్యండి. అనుమానమైతే వద్దు" అని నాకు చెప్పి వెళ్ళిపోయాడు. పదిహేడు కిలోమీటర్ల దూరంలో ఉంది ఎగిరే మైదానం.

పనిపుస్తకం నేను చదివాను, కానీ అలసిపోయిన కళ్ళతో చదివాను. మళ్ళీ తెరిచాను. ఇంజనీరుది గుండ్రటి దస్తూరీ. పరీక్ష రోజు పేజీ దొరికింది. దాంట్లో ఇలా ఉంది:

'పరీక్ష కోసం విడిగా చేసిన జత. ఎడమ, కుడి. బట్టతో సహా. తలకిందులుగా బిగించి ఎనభై ఆరు బస్తాలు పేర్చాం. మూడు నిమిషాలు ఆపాం. విరగలేదు. మూడు బస్తాలు చిరిగి ఇసుక కారింది. బరువు దించాక చివర్లు రెండు వేళ్ళ మందం వంగే ఉండిపోయాయి. గొట్టం ఒకసారి సాగిందంటే పైకి బాగానే కనపడుతుంది, లోపల బలం ఉండదు. ఈ జత ఎప్పటికీ ఎగరకూడదు. ఎర్ర గుర్తు వేశాను. కోసెయ్యాలి.'

కింద వేరే దస్తూరీ, వంకర అక్షరాలు: 'కోశాం.' దాని పక్కన ఇంజనీరు టిక్కు.

"తలకిందులుగా ఎందుకు?" అని అడిగాను.

మేస్త్రీ నేలకేసి చూస్తూ చెప్పాడు. "ఎగిరేటప్పుడు గాలి రెక్కని పైకి తోస్తుంది మేడమ్. బస్తాలు కిందికే నొక్కుతాయి కదా. అందుకని రెక్కని బోర్లా తిప్పి పేరుస్తాం."

బోర్లా తిప్పితే అడుగున ఉండే ఇత్తడి రింగులు పైకొస్తాయి. చిరిగిన బస్తాలోంచి కారిన ఇసుక నేరుగా ఆ రంధ్రాల్లోకి పోతుంది. మళ్ళీ సరిగ్గా తిప్పితే ఎంతో కొంత బయటికి రాలుతుంది, మిగిలింది వెనక మడతలో ఇరుక్కుంటుంది.

నిజం దొరికినప్పుడు ఉత్సాహం వస్తుందని వయసులో ఉన్నప్పుడు అనుకునేదాన్ని. ఇప్పుడు ఎక్కడైనా పడుకోవాలనిపిస్తుంది.

"కోసిన ముక్కలు ఎక్కడున్నాయి?"

"వెనక రేకుల కింద. ఆఫీసరుగారు చూశారు."

"నేనూ చూస్తాను."

షెడ్డు వెనక రేకుల చాటున పేర్చి ఉన్నాయి, ఒక్కో రెక్కా నాలుగు ముక్కలు. బట్ట మీద ఎర్ర గుర్తు స్పష్టంగా ఉంది. నేను పేపరు పరిచి ఒక్కో ముక్కా తెచ్చి వెనక అంచు నేలకేసి కొట్టాను. ఇంజనీరు భార్య కూడా ఒక చివర పట్టుకుంది. ఎందుకని ఆమె అడగలేదు. ఎనిమిది ముక్కలు. రంపం పెట్టిన లోహపు పొడి రాలింది, ఒక ఎండిన సాలెపురుగు రాలింది. ఇసుక రాలలేదు.

మొదటి రెక్క ముందు గొట్టం మీద చెయ్యి పోనిచ్చాను. ఒకచోట సొట్ట. రెండోదానికీ దాదాపు అదే చోట సొట్ట. బస్తా గుడ్డది, సొట్ట పెట్టదు. ఏదో పదునైన అంచు తగిలింది.

లేచి వాచీ చూసుకున్నాను. టైము రెండూ పది.

"అమ్మా," అన్నాను ఇంజనీరు భార్యతో, "మీరు ఏ రెక్కకైనా రెండోసారి బట్ట మార్చారా?"

"మార్చాను. రెండిటికి. ఎలుకలు కొరికాయని తమ్ముడు పాత బట్ట తీసేసి తెచ్చాడు. ఆయన అప్పుడు ఊళ్ళో లేడు, ఐదు రోజులు. వచ్చేలోపు కుట్టెయ్యాలని రాత్రీపగలూ కూర్చున్నాను. వెనక మడతలో ఏదో గరగరమంది, దులిపాను. పూర్తిగా పోలేదు." ఆమె గొంతు నెమ్మదించింది. "ఏమిటి వదినగారూ? ఎందుకడుగుతున్నారు?"

నేను మేస్త్రీ వైపు తిరిగాను. అతను ఇంకా నేలకేసే చూస్తున్నాడు.

"ఎలుకలు ఎక్కడ కొరికాయి?"

"బట్టని."

"ఆ బట్ట ఏదీ?"

"తగలబెట్టేశాను."

"దాని మీద ఎర్ర గుర్తు ఉందా?"

అతను భుజం మీది గుడ్డ తీసి చేతులు తుడుచుకోసాగాడు.

"ఇక్కడ కోసి పెట్టినవి పరీక్ష రెక్కలు కావు. వీటిలో ఇసుక లేదు. ఎగరాల్సిన మంచి రెక్కలే ఇవి, ఎర్ర గుర్తు నువ్వు వేసిందే. వీటికి సొట్టలు ఎలా పడ్డాయి?"

"స్టాండు ఒరిగింది" అన్నాడు. చాలాసేపటి నుంచి గొంతులో పట్టి ఉంచింది వదిలేసినట్టు, మాటలు వాటంతటవే రాసాగాయి. "పరీక్ష మర్నాడు. ఒక్కణ్ణే జరుపుతున్నా. దాని మీద రెండు రెక్కలున్నాయి, ఒక ఎడమది, ఒక కుడిది. ఇనప బల్ల అంచు మీద పడ్డాయి. కొత్త గొట్టాలు రావాలంటే నాలుగు నెలలు. ఆరేళ్ళు ఆగాడు బావ. ఇంకో నాలుగు నెలలంటే నన్ను చంపేసేవాడు..." ఆ మాట అని ఆగిపోయాడు.

"అందుకని పరీక్ష రెక్కలు బిగించావు."

"ఎనభై ఆరు బస్తాలు మోశాయి మేడమ్! నా కళ్ళతో చూశా. చిటుక్కుమని కూడా అనలేదు. వాటికంటే గట్టివి ఇంకేముంటాయి? మిగతా రెక్కలు ఏ పరీక్షా నెగ్గలేదు, ఇవి నెగ్గాయి. కొయ్యమంటే బావ చాదస్తం అనుకున్నా. ఎందుకు కొయ్యాలో చెప్పలేదాయన. కొయ్యమన్నాడు, అంతే."

"పుస్తకంలో రాశాడు. నువ్వు కోశాం అని రాసిన లైనుకి సరిగ్గా పైన."

"నేను పుస్తకం చదవను. చెప్పిన చోట రాస్తా."

"వంపు ఆయన కంట పడలేదా?"

"రెక్కని కింద నుంచి పట్టి ఉంచే దన్ను గొట్టం కొంచెం బిగించి సరిచేశా."

"ముప్ఫైసార్లు ఎగిరింది కదా అని ధైర్యమొచ్చింది."

"మొదటిసారి ఎగిరినప్పుడు నాకు జ్వరమొచ్చింది. పదోసారికి మర్చిపోయా. పడ్డాక... ఆఫీసరుగారు మలుపుదే తప్పన్నారు. పెద్ద చదువు చదివినాయన, స్టాంపు వేసి చెప్పాడు. నమ్మాను. నమ్మకపోతే నేను బతకలేను మేడమ్."

ఇంజనీరు భార్య అతని ఎదురుగా వచ్చి నిలబడింది. కొడుతుందనుకున్నాను. అతని చొక్కా పట్టుకుంది, చిన్నప్పుడు బడికి పంపేటప్పుడు పట్టుకున్నట్టు.

"నా చేతే కుట్టించావా రా?"

అతను ఏడవటం మొదలుపెట్టాడు. నాకు ఏడుపు వినే టైము లేదు. రెండూ ఇరవై ఆరు.

"ఇటు చూడు మేస్త్రీ. పరీక్ష జత రెండు రెక్కలు. ఎడమది ఇదిగో, పడిపోయింది. కుడిది ఎక్కడుంది? దీనికి లేదు, దీని కుడి రెక్కలో ఇసుక లేదు. ఎక్కడ బిగించావు?"

తెలిసే అడిగాను. అతని నోట అతనికే వినపడాలని అడిగాను.

అతని ఏడుపు ఆగిపోయింది. అప్పటిదాకా అతను నిజంగానే ఆ లెక్క వేసుకోలేదు. తొమ్మిది రోజులుగా మనసు దాని దగ్గరికి వెళ్ళకుండా కాపలా కాశాడు. ఇప్పుడు ముఖం సున్నం కొట్టినట్టయింది.

"రెండోదానికి" అన్నాడు. "చిట్టి ఎక్కేదానికి."

చిట్టి అంటే ఇంజనీరు కూతురు.

చిట్టి నెంబరు నొక్కాను. కట్టేసి ఉంది. ఆఫీసరు నెంబరు నొక్కాను. మోగి మోగి ఆగింది. రెండోసారి. మూడోసారి ఎత్తాడు.

"గురువుగారూ, రుజువుంటేనే..."

"రుజువుంది. కోసిన రెక్కలు దొంగవి. పరీక్ష చేసిన రెక్కలే ఎగురుతున్నాయి. మేస్త్రీ ఒప్పుకున్నాడు. ఒకటి తండ్రిని తీసుకుపోయింది, రెండోది కూతురి విమానానికుంది, కుడి వైపు. ఆపించు."

ఎనిమిదేళ్ళు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాను వాడికి. నా గొంతులో ఏది అనుమానమో ఏది రుజువో వాడికి తెలుసు.

"లేచి ఐదు నిమిషాలైంది" అన్నాడు. "గాలి పడిపోయిందని ముందే వదిలాం."

నేను ఫోను అందరికీ వినపడేలా పెట్టాను. ఇలాంటిది ఒక తల్లికి నా నోటితో రెండోసారి చెప్పే ఓపిక లేదు.

"ఎటు పోతోంది?"

"తిన్నగా, తూర్పుకి. ఇంకో నిమిషంలో వెనక్కి మళ్ళాలి."

"మళ్ళకూడదు!" మేస్త్రీ అరిచాడు. "మలుపులో రెక్కల మీద బరువు పెరుగుతుంది సార్. తిన్నగా పోతే మొయ్యొచ్చు. ముందు ఏదో ఒక చేలో దింపమనండి. కోత కోసిన చేను."

"రేడియోలో చెప్పు నాయనా" అన్నాను.

ఆఫీసరు ఇంకో పరికరంలో మాట్లాడటం వినపడుతోంది. తర్వాత గరగరల మధ్య అమ్మాయి గొంతు: "అమ్మ చెప్పించిందా ఇది? ఏం ఫరవాలేదు సార్, బ్రహ్మాండంగా పోతోంది. వచ్చేస్తున్నాను, వచ్చాక మాట్లాడదాం."

"నమ్మడం లేదు గురువుగారూ. తిప్పేస్తుంది."

ఇంజనీరు భార్య ఫోను నా చేతిలోంచి తీసుకుంది.

"ఆ రేడియోకి నీ ఫోను ఆనించు బాబూ" అంది. ఆగింది. మళ్ళీ అంది, పక్క గదిలో ఉన్నదానితో మాట్లాడినట్టు. "చిట్టీ. అమ్మని. కోపంగా ఉన్నావని తెలుసు. తర్వాత తిట్టు. నీ కుడి రెక్కకి నేనే బట్ట కుట్టాను, దాంట్లో గొట్టం మంచిది కాదు. నాన్నకి విరిగింది దీని జతే. నాన్న తప్పేమీ లేదు. వింటున్నావా? తిప్పొద్దు. ఒరగొద్దు. అలాగే పో."

ఇంజను చప్పుడు ఒక్కటే వినపడింది. తర్వాత, చిన్నపిల్ల గొంతు:

"తిప్పకపోతే ఇంటికెలా రానమ్మా?"

"రావద్దు. నువ్వు రావద్దు తల్లీ. ఎక్కడ దిగితే అక్కడికి నేనొస్తాను. ముందుకే పో, నెమ్మదిగా దిగు."

జవాబు రాలేదు. మేస్త్రీ నేల మీద కూలబడి రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. నేను కారు తాళాలు వెతుక్కుంటున్నాను. అవి నా చేతిలోనే ఉన్నాయి.

"తిప్పలేదు" అన్నాడు ఆఫీసరు ఫోన్లో. "తిన్నగానే పోతోంది... చెట్లు దాటింది... చిన్నదైపోయింది."

"రేడియోలో ఏమంటోంది?" అని అడిగాను.

"అందనంత దూరం పోయింది గురువుగారూ" అన్నాడు. "ఇక కనపడటం కూడా లేదు."